చావని ఆరు కోళ్ళు

వీరవేణి పూటకి వెయ్యి కోళ్ళకి సూది వేసేది. ఇద్దరు ఆడవాళ్ళు ఇనప బోనుల్లోంచి కోడిని కాళ్ళు పట్టి బయటికి లాగి, రొమ్ము పైకి తిప్పి అందిస్తే, ఆవిడ సిరంజి మీట నొక్కేది. అర మిల్లీలీటరు మందు లోపలికి పోయేది. కోడి మళ్ళీ బోనులో పడేది. అది రెక్కలు విదుల్చుకునేలోగా ఇంకో కోడి ఆవిడ ముందు ఉండేది.

రామచంద్రపురం నుంచి యానాం వెళ్ళే వైపు, కాలవ గట్టుని ఆనుకుని ఉన్న చిన్న పల్లె ఆవిడది. పుట్టింటి వాళ్ళూ అత్తింటి వాళ్ళూ చేపల వేట మీద బతికిన వాళ్ళే. భర్త సత్తియ్య వల వదిలేసి మోపెడ్ వెనక చేపల బుట్ట కట్టుకుని ఊళ్ళ వెంట తిరగడం మొదలుపెట్టాక, ఆవిడ మూడు మైళ్ళ దూరంలో ఉన్న కోళ్ళ ఫారంలో పనికి కుదిరింది. మొదట్లో గుడ్లు ఏరింది. తర్వాత పెంట ఎత్తింది. చేతి చురుకు చూసి సూపర్‌వైజరు చంద్రరావు ఒకరోజు సిరంజి ఇచ్చాడు. అప్పట్నించి పదకొండేళ్ళు అదే పని. తోటి ఆడవాళ్ళు ఆవిడని "డాక్టరమ్మా" అని ఎగతాళిగా పిలిచేవాళ్ళు. ఆ ఎగతాళిలో కాస్త నిజం ఉందని ఆవిడ మనసులో అనుకునేది కూడా.

ఆ పని ఆవిడ ఎడమ చేతి చూపుడు వేలు తినేసింది. మూడేళ్ళ కిందట ఓ కోడి తన్నుకోవడంతో సూది వేల్లో దిగింది. కోడికి పోవలసిన మందు వేల్లోకి పోయింది. చంపేసిన క్రిములని నూనెలో కలిపి చేసిన మందు అది. చంద్రరావు నీళ్ళతో కడుక్కుని పని చూసుకోమన్నాడు. సాయంత్రానికి వేలు నల్లబడింది. కాకినాడలో ఆపరేషన్ చేసి, చచ్చిపోయిన కండ తీసేసి, రెండో కణుపు దాకా కోసేశారు. వేల్లో నూనె మందు దిగితే ఆ గంటలోనే రావాలమ్మా అన్నాడు అక్కడి డాక్టరు. ఆ మాట ఫారంలో ఎవరూ ఆవిడకి చెప్పలేదు.

ఆ నలభై రోజులూ వీరవేణి ఇంట్లో పొయ్యి వెలిగించింది పక్కింటి చిన్నమ్మాయి. పేరు చిన్నమ్మాయి గాని మనిషికి అరవై దాటాయి. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఆవిడకున్న ఆధారం పన్నెండు నాటుకోళ్ళు. గుడ్లూ, పెరిగిన పిల్లలూ అమ్ముకుని బతికేది. ఆ నలభై రోజులూ పొద్దున్నే వచ్చి అన్నం వండి, కూర తాలింపు పెట్టి, వీరవేణికి జడ కూడా అల్లి వెళ్ళేది. "ఒంటిచేత్తో జుట్టు ముడుచుకోలేవు గదే" అనేది. వీరవేణి ఆవిడని అత్తా అని పిలిచేది. వరసకి ఏమీ కాదు.

ఫారంలో కోళ్ళకి కొక్కెర తెగులు రాకుండా రెండు రకాల మందులు వాడేవాళ్ళు. ఒకటి ఈ సూది. రెండోది నీళ్ళ మందు. అందులో క్రిములు బతికే ఉంటాయి, కాని నీరసపడిపోయి ఉంటాయి. రెండు నెలలకోసారి కోళ్ళు తాగే నీళ్ళలో కలిపేవాళ్ళు. కలిపిన తర్వాత నాలుగైదు రోజులు కోళ్ళు ముక్కులు చీదేవి. గుడ్లు కొంచెం తగ్గేవి. తగ్గినప్పుడల్లా ఫారం యజమాని ప్రసన్నకుమార్ ఫోను చేసి కారణం అడిగేవాడు. కిందటి వానాకాలంలో చంద్రరావు ఆ నీళ్ళ మందు ఆపేశాడు. 

"సూది వేస్తున్నాం గదా. అది బలమైన మందు. ఈ నీళ్ళ గోల ఎందుకు" అన్నాడు.

వీరవేణికి అది సబబుగానే తోచింది. సూది తన చేతి పని. దాని మీద ఆవిడకి నమ్మకం.

ఆ నమ్మకంతోనే జనవరి నెలాఖరులో ఒక పని చేసింది. ఆ రోజు మూడో షెడ్డు పూర్తయ్యేసరికి సీసా అడుగున కాస్త మందు మిగిలింది. మిగిలిన మందు గోతిలో పారబోయాలి, బయటికి తీసుకెళ్ళకూడదు. ఆవిడ దాన్ని చిన్న సీసాలోకి వంపి, కూల్‌బాక్సులోంచి ఒక ఐసు ముక్క తీసి, క్యారేజీలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. వాళ్ళ పెరట్లో ఆరు పెట్టలున్నాయి. మందుల షాపులో కొన్న సిరంజితో వాటికి తనే వేసింది. సత్తియ్య కోళ్ళని పట్టుకున్నాడు.

"ఇంకా ఉన్నట్టుందే సీసాలో" అన్నాడు.

"ఉంది."

"అత్త కోళ్ళకి వెయ్యవా మరి?"

వీరవేణి గోడ మీంచి చూసింది. చిన్నమ్మాయి తవుడు చల్లుతోంది. కోళ్ళు కాళ్ళకి అడ్డం పడుతున్నాయి. ఆవిడకి చెబితే సంబరపడిపోతుంది. వీధి చివరిదాకా చెప్పుకొస్తుంది. ఆ వీధిలోంచి ఫారం పనికి వెళ్ళే వాళ్ళు ఇంకో నలుగురున్నారు. మాట చంద్రరావు చెవిన పడటానికి ఒక్క పూట చాలు. మందు దొంగతనం చేసిందంటే పని ఉండదు.

వీరవేణి మిగిలిన మందు తూములో పోసేసి సీసా కడిగేసింది. వచ్చేసారి చూద్దామనుకుంది. ఆ తర్వాత మందు మిగల్లేదు, మిగిలినప్పుడు చంద్రరావు పక్కనే ఉన్నాడు.

మార్చిలో నాలుగో షెడ్డులో తోలుగుడ్లు పడటం మొదలైంది. పెంకు లేకుండా మెత్తగా, పట్టుకుంటే వేళ్ళకి అంటుకునే గుడ్లు. పెంకున్నవి కూడా రంగు పోయి తెల్లగా, గరుగ్గా వచ్చేవి. తెల్లవారి షెడ్డులోకి అడుగు పెడితే అక్కడక్కడా గురగుర వినిపించేది. మేత కొంచెం మిగిలేది. కాని కోళ్ళు చావలేదు. రోజూ ఎప్పుడూ చచ్చే నాలుగే చచ్చాయి.

"ఏంటండి ఈ గుడ్లు?" అని వీరవేణి అడిగింది.

"ఎండలు ముదిరాయి. సున్నం తగ్గింది ఒంట్లో. మేతలో పొడి కలపమన్నాను" అన్నాడు చంద్రరావు.

అమ్మకానికి పనికిరాని ఆ గుడ్లని పనివాళ్ళు తీసుకెళ్ళొచ్చన్నాడు. నలుగురూ అట్టల్లో పెట్టుకుని ఇళ్ళకి మోసుకెళ్ళారు. వీరవేణి తనకి వచ్చిన దాంట్లో సగం చిన్నమ్మాయికి ఇచ్చేది. చిన్నమ్మాయి లోపలి సొన అట్టు వేసుకుని, పెంకులు నలిపి కోళ్ళకి చల్లేది. పెంకు తింటే మంచి గుడ్లు పెడతాయని ఆవిడ లెక్క.

ఆ గుడ్లు తేవడం మొదలైన పదో రోజున చిన్నమ్మాయి కోళ్ళలో ఎర్రపెట్ట ఒకటి రెక్కలు జారేసుకుని నిలబడిపోయింది. నోరు తెరిచి మెడ చాపి ఊపిరి పీలుస్తోంది. పచ్చగా, తెల్లగా నీళ్ళ రెట్ట వేస్తోంది. మర్నాటికి ఇంకో మూడు. వాటిలో ఒకదాని మెడ మెలి తిరిగిపోయి తల వెనక్కి వాలిపోయింది. గింజ కనబడుతుంటే పొడవబోయి నేల మీద పక్కకి పడిపోయేది.

"వేణీ, ఇదేంటో చూడవే. నీకు తెలుస్తాది గదా" అని చిన్నమ్మాయి దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

వీరవేణికి చూడగానే తెలిసింది. పదకొండేళ్ళుగా ఏ తెగులు రాకుండా సూది వేస్తోందో అదే. గబగబా మందుల షాపుకెళ్ళి ఏదో పొడి తెచ్చి నీళ్ళలో కలిపి పట్టింది. పట్టేటప్పుడే తెలుసు, ఇది పట్టుకున్నాక మందు లేదని.

నాలుగు రోజుల్లో చిన్నమ్మాయి గూడు ఖాళీ అయింది. ఆఖరిది చచ్చినప్పుడు ఆవిడ దాన్ని పాత టవల్లో చుట్టి గట్టు కింద గొయ్యి తీసి పెట్టింది. మొదట చచ్చినవాటిని అలా చుట్టలేదు. ఒకటే మిగిలాక గాని దాన్ని విడిగా చూడాలనిపించలేదేమో.

ఆ లోపు తెగులు వీధంతా పాకింది. ఎదురింటి వెంకటదుర్గ వాళ్ళు రెండేళ్ళుగా బాదంపప్పులు పెట్టి పెంచిన రెండు పందెం పుంజులు ఒకే రోజు పోయాయి. తొమ్మిది రోజుల్లో ఆ వీధిలో ఎనభై దాకా కోళ్ళు చచ్చాయి. ఆరు మాత్రం మిగిలాయి. అవి వీరవేణి పెరట్లో గంతులేస్తున్నాయి. ఒకటి రెండు కాస్త తుమ్మాయి, అంతే. గుడ్లు పెట్టడం కూడా మానలేదు.

ఆ విషయం మొదట గమనించింది వెంకటదుర్గ. కుళాయి దగ్గర నలుగురూ ఉండగా అడిగింది.

"వీధి మొత్తం పోతే నీయి మాత్రం ఎలా బతికాయి?"

వీరవేణి బిందె సర్దుకుంటూ, "ఏమో" అంది.

"ఏమో ఏంటి. నువ్వు కోళ్ళ మందుల్లో బతికేదానివి. ఏం పెట్టావు మా కోళ్ళకి?"

"నేనెందుకు పెడతానక్కా?"

"అది నువ్వే చెప్పాలి."

సాయంత్రానికి మాట మారిపోయింది. ఫారం గుడ్లు ధర పలకాలని, నాటుకోళ్ళు లేకుండా చెయ్యమని వీరవేణి చేత విషం పెట్టించారని ఒకరన్నారు. ఏదో చేతబడి చేయించిందని ఇంకొకరన్నారు. సత్తియ్య బుట్టలో చేపలు ఆ వీధిలో ఎవరూ కొనలేదు. చిన్నమ్మాయి మాత్రం ఏమీ అనలేదు. గోడ అవతల తలెత్తకుండా తిరిగేది. తవుడు డబ్బా అరుగు మీద అలాగే ఉండేది.

వీరవేణికి ఆ నింద కన్నా ఇంకో సంగతి ఎక్కువ కుట్టింది. తన కోళ్ళు సూది వల్ల బతికాయి. అది తెలుసు. మరి తెగులు ఊళ్ళోకి ఎక్కడ నుంచి వచ్చింది? ఆవిడకి నాలుగో షెడ్డులో గురగుర గుర్తొచ్చింది. తోలుగుడ్లు గుర్తొచ్చాయి. తమ వీధిలో తెగులు మొదలైన నాలుగు ఇళ్ళూ వరసగా తలచుకుంది. అవి ఫారం గుడ్లు వచ్చిన ఇళ్ళే.

వెంకటదుర్గ ఇంట ఆఖరుగా చచ్చిన కోడిపిల్లని పారేస్తుంటే అడిగి తీసుకుని, ఐసు పెట్టిన డబ్బాలో వేసుకుని, వీరవేణి పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి డాక్టరు రూబీ. ఏడాది కిందట బదిలీ మీద వచ్చింది. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు కూడా బండి ఆపి, ఎవరైనా అడిగితే గేదెని చూసి వెళ్ళే మనిషి.

రూబీ కోడిని కోసి చూసింది. లోపల కడుపు గోడ మీద రక్తపు చుక్కలు చూపించింది. తర్వాత వీరవేణి చెప్పిందంతా విన్నది. దొంగతనంగా మందు తెచ్చిన సంగతి కూడా వీరవేణి దాచలేదు.

"మీ కోళ్ళు ఆరూ బావున్నాయి కదా. వాటిని చూడాలి నేను" అంది రూబీ.

"వాటికేంటండి, శుభ్రంగా ఉన్నాయి."

"అందుకే చూడాలి."

ఆ మధ్యాహ్నమే వచ్చి, ఆరింటి గొంతుల్లోనూ దూది పుల్లలు తిప్పి, సీసాల్లో పెట్టి, చచ్చిన కోడి ముక్కలతో కలిపి ల్యాబుకి పంపింది. వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూశారు. చిన్నమ్మాయి తలుపు వేసుకుంది.

పన్నెండు రోజులకి రిపోర్టు వచ్చింది. చచ్చినదాంట్లో కొక్కెర తెగులు క్రిమి ఉంది. వీరవేణి ఆరు కోళ్ళలో రెండింటి గొంతుల్లోనూ అదే క్రిమి ఉంది.

వీరవేణికి ఆ కాగితం అర్థం కాలేదు. "సూది వేశాను గదండి" అంది.

"వేశారు. అందుకే చావలేదు" అంది రూబీ. కుర్చీ చూపించి కూర్చోమంది. "చూడండి వీరవేణి గారు. చంపిన క్రిమితో చేసిన సూది కండలో వేస్తే రక్తంలో కాపలా తయారవుతుంది. ఈ తెగులు మొదట దిగేది గొంతులో, ముక్కులో. అక్కడ కాపలా రావాలంటే బతికున్న మందు కావాలి, కంట్లో చుక్కగానో నీళ్ళలోనో. ఆ దారినే లోపలికి వెళ్ళాలి అది. మీ కోళ్ళకి రక్తంలో కాపలా ఉంది, గొంతులో సరిపడా లేదు. క్రిమి వచ్చి గొంతులో పెరిగింది. అక్కడి నుంచి ఒంట్లోకి పోయి చంపేంత పని చెయ్యలేకపోయింది. కాని గొంతులోంచి, రెట్టలోంచి కొన్నాళ్ళ పాటు బయటికి వచ్చింది."

"అంటే నా కోళ్ళు బావుండి, పక్కవాళ్ళ కోళ్ళకి అంటించాయంటారా?"

"అంటించి ఉండొచ్చు. ఫారం నుంచి మీరు తెచ్చిన గుడ్ల అట్ట వల్ల కావచ్చు. మీ చెప్పుల వల్ల కావచ్చు. మీతో పనిచేసే వాళ్ళ బట్టల వల్ల కావచ్చు. ఏది ముందో నేను చెప్పలేను."

"ఫారంలో కూడా ఇదేనా?"

"అక్కడికి నన్ను రానిస్తే చెబుతాను. మీరు చెప్పిన దాన్ని బట్టి అలాగే ఉంది. నీళ్ళ మందు ఆపేశారన్నారు. ఎన్ని కోళ్ళు?"

"ముప్పై వేలండి."

రూబీ ఆ అంకె రిపోర్టు అంచున రాసుకుంది.

"అయితే సూది తప్పాండి?" అని వీరవేణి అడిగింది. పదకొండేళ్ళ పని అది.

"కాదు. సూది లేకపోతే ఆ షెడ్డులో కోళ్ళు గుట్టలుగా చచ్చేవి. ఇంకా ఎక్కువ క్రిమి బయటికి వచ్చేది. సూది మంచిదే. సూది ఒక్కటీ చాలనుకోవడం తప్పు. కోడి చావకపోతే తెగులు లేదనుకోవడం ఇంకో తప్పు."

వీరవేణి లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మా పక్కింటావిడ కోళ్ళకి కూడా ఆ రోజు సూది వేసుంటే?"

"బతికేవి" అంది రూబీ. తర్వాత నిజం పూర్తిగా చెప్పడం మంచిదనుకుందేమో, "అవి కూడా క్రిమిని మోసేవి. వీధిలో మిగతావాటికి అంటేది. కాని ఆవిడవి బతికేవి" అంది.

మర్నాడు వీరవేణి ఫారంలో సిరంజి పట్టుకోకుండా నేరుగా చంద్రరావు దగ్గరికి వెళ్ళింది. రిపోర్టు జిరాక్సు ఇచ్చింది. ఆయన చదివి మడిచి వెనక్కిచ్చాడు.

"ఇది మీ ఊరి కోళ్ళది. మాకెందుకు?"

"ఇక్కడ నుంచే వచ్చిందండి. నాలుగో షెడ్డులో తోలుగుడ్లు పడ్డప్పుడే ఉంది. డాక్టరమ్మని ఒకసారి రానివ్వండి."

"మన దగ్గర ఒక్క కోడి చచ్చిందా తెగులుతో?"

"చావలేదండి. అందుకే ఎవరికీ తెలియలేదు."

చంద్రరావు లేచి నిలబడ్డాడు. కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"నీ పెరట్లో కోళ్ళకి సూది వేశావంట. ఆ మందు ఎక్కడిది?"

ఆయనకి మాట ఎలా చేరిందో వీరవేణికి అర్థమైంది. రూబీ చెప్పే మనిషి కాదు. ఆ రోజు కోళ్ళని పట్టుకున్నది సత్తియ్య. వీధిలో నిందలు పడలేక, మా ఆవిడ విషం పెట్టలేదు, మందు వేసుకుంది అని నలుగురిలో చెప్పింది అతనే.

"ఇంకో సంగతి. పెరట్లో కోళ్ళు పెంచే వాళ్ళని పనిలో పెట్టుకోకూడదని ముందు నుంచీ రూలుంది. చూసీ చూడనట్టు పోయాను. ఇంక కుదరదు. రేపట్నించి రావద్దు" అన్నాడు చంద్రరావు.

"పదకొండేళ్ళు చేశానండి."

"చేశావు. కాదన్నానా?"

ఆవిడ చూపుడు వేలు తెగిన చెయ్యి రిపోర్టుని మడత మీద మడత పెడుతోంది. చంద్రరావు దాన్ని చూసి, చూపు తిప్పుకున్నాడు. వారం తర్వాత ఫారం గేటుకి కొత్త బోర్డు పెట్టారు. చుట్టుపక్కల పల్లెల్లో కోళ్ళ తెగులు ఉన్నందున నాటుకోళ్ళు పెంచే వారికి లోపలికి ప్రవేశం లేదు అని రాయించారు. గేటు దగ్గర సున్నం గీత కూడా గీశారు. రోడ్డు మీద పోయే వాళ్ళు ఫారం వాళ్ళ జాగ్రత్త మెచ్చుకున్నారు. గుడ్ల లారీలు రోజూలాగే రావులపాలెం వైపు వెళ్ళిపోయాయి. నాలుగో షెడ్డులో గుడ్ల పెంకు మళ్ళీ గట్టిపడింది. రూబీ రెండు సార్లు వెళితే యజమాని ఊళ్ళో లేడన్నారు. పై ఆఫీసుకి రాసింది. పెరటి కోళ్ళలో తెగులు వచ్చి తగ్గింది అని అక్కడ రికార్డయింది. ఆ వాక్యంలో అబద్ధం ఏమీ లేదు.

పని పోయిన మూడో రోజు పొద్దున వీరవేణి చిన్నమ్మాయి ఇంటికి వెళ్ళింది. సత్తియ్య వద్దన్నాడు. "ఆవిడ ఏమీ అనట్లేదు గదా. ఎందుకు కెలుక్కుంటావు" అన్నాడు. వీరవేణి వినలేదు.

చిన్నమ్మాయి ఖాళీ గూడుకి సున్నం కొడుతోంది. వీరవేణిని చూసి కుంచె బొక్కెనలో పెట్టింది గాని కూర్చోమనలేదు. వీరవేణి నిలబడే మొత్తం చెప్పింది. సూది, నీళ్ళ మందు, తోలుగుడ్లు, దూది పుల్లలు, రిపోర్టు. డాక్టరు చెప్పిన మాటలే చెప్పింది, తగ్గించలేదు.

చిన్నమ్మాయి చాలాసేపు విన్నది. "అయితే నా కోళ్ళకి నీ కోళ్ళే అంటించాయా?" అని అడిగింది.

"అయ్యుండొచ్చంట. నేనిచ్చిన గుడ్ల పెంకులూ అయ్యుండొచ్చంట. ఏదన్నది చెప్పలేమంది."

"ఏదైనా నీ దగ్గర నుంచే గదా వచ్చింది."

"అవునత్తా."

"తెలిసి చేశావా?"

"తెలీదు."

చిన్నమ్మాయి తల ఊపింది. అంతవరకూ ఆవిడ మొహంలో కోపం లేదు. బొక్కెన పక్కకి జరిపి, చేతికంటిన సున్నం చెంగుకి తుడుచుకుంటూ అడిగింది.

"నీ కోళ్ళకి మందు వేసిన రోజున ఏమన్నా మిగిలిందా?"

వీరవేణి లేదనొచ్చు. ఆ మాట సత్తియ్యకి తప్ప ఎవరికీ తెలియదు.

"మిగిలింది" అంది.

"ఎన్నిటికి వచ్చేది?"

"పదింటికి వచ్చేది."

"నాకున్నయ్యి పన్నెండు" అంది చిన్నమ్మాయి. "ఏం చేశావు దాన్ని?"

"తూములో పోసేశాను."

"ఎందుకే?"

"నువ్వు ఎవరితోనన్నా చెబుతావని. ఫారంలో తెలిస్తే పని పోతుందని."

చిన్నమ్మాయి గోడ వైపు చూసింది. తనలో తను వెతుక్కుంటున్నట్టు కొంచెం ఆగింది.

"చెప్పేదాన్నే" అంది.

ఆ తర్వాత కుంచె తీసుకుని సున్నం కొట్టడం మొదలుపెట్టింది. వీరవేణికి ఇంకో మాట ఉంది. సూది వేసినా వీధిలో మిగతా కోళ్ళకి తెగులు అంటేదే అన్న డాక్టరు మాట. అది చెప్పుకుంటే తన తప్పు కొంచెం తగ్గుతుందేమో. నోటిదాకా వచ్చిన దాన్ని మింగేసింది. ఈవిడ వీధి కోళ్ళ సంగతి అడగలేదు. తన కోళ్ళ సంగతి అడిగింది.

వీరవేణి ఇంటికొచ్చేసింది. ఆ రోజు నుంచి చిన్నమ్మాయి ఆవిడతో మాట్లాడలేదు. తిట్టలేదు, ఎవరితోనూ చెప్పలేదు. దొంగ మందు సంగతి వీధికి తెలిసింది గాని, మిగిలిన మందు సంగతి ఈనాటికీ తెలియదు. అది తన నోట రాకూడదని చిన్నమ్మాయి అనుకుందో, ఎవరితో చెప్పినా ఉపయోగం లేదనుకుందో వీరవేణికి అర్థం కాలేదు. తిడితే బాగుండునని చాలాసార్లు అనుకుంది.

ఆరు కోళ్ళనీ నాలుగు నెలలు పెరట్లోంచి బయటికి వదల్లేదు. వాటి గొంతుల్లో ఇప్పుడు ఏమీ లేదని రూబీ మళ్ళీ పరీక్ష చేయించి చెప్పింది. వీధిలో ఎవరూ నమ్మలేదు. వాటి గుడ్లు ఊరికే ఇస్తానన్నా తీసుకునే వాళ్ళు లేరు. ఒక ఆదివారం సత్తియ్య ఒకదాన్ని కోద్దామన్నాడు. వీరవేణి సరేనంది. కూర వండి పెట్టింది. తను తినలేదు. సత్తియ్య రెండు ముద్దలు తిని కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

వానలు మొదలయ్యాక రూబీ కబురు చేసింది. పల్లెల్లో నాటుకోళ్ళకి, కోడిపిల్లలకి ఉచితంగా చుక్కల మందు వేస్తున్నారు. కోడిని సరిగ్గా పట్టుకోవడం తెలిసిన మనిషి కావాలి. రోజు కూలీ. వీరవేణి వెళ్ళింది. కోడిపిల్లని గుప్పిట్లో పట్టుకుని, బొటనవేలితో తల పక్కకి వంచి, కంట్లో ఒక చుక్క, ముక్కులో ఒక చుక్క. కోడి కళ్ళు మూసి తెరిచేదాకా ఆగి వదలాలి. అంతసేపు ఆగకుండా ఆవిడ ఎవరినీ కోడిని వదలనిచ్చేది కాదు. తొందరపడే వాళ్ళని కసురుకునేది. ఏ ఊళ్ళోనైనా ఎవరైనా, "మా వాటికి సూది వేయించాం, చుక్కలక్కర్లేదు" అంటే పని ఆపేసి నిలబడి చెప్పేది, గొంతు సంగతీ రక్తం సంగతీ. కొందరు వినేవాళ్ళు. కొందరు ఈవిడకెందుకు ఇంత పట్టుదల అన్నట్టు చూసేవాళ్ళు.

పధ్నాలుగు ఊళ్ళయ్యాక తన ఊరి వంతు వచ్చింది. బడి ముందు బల్ల వేసుకుని కూర్చున్నారు. వెంకటదుర్గ రెండు కొత్త పుంజు పిల్లల్ని తెచ్చింది. వీరవేణి చెయ్యి చాపితే, ఒక క్షణం తటపటాయించి ఇచ్చింది. ఆవిడ వెనక ఇంకో ముగ్గురు ఇచ్చారు. కరోనా అప్పుడు బతికి బట్టకట్టిన వాళ్ళమంతా ఎవరికెవరు అంటించారో లెక్కలేసుకున్నామా అంది వెంకటదుర్గ, ఎవరితోనో అన్నట్టు. వీరవేణి ఆ మాటకి తలెత్తలేదు.

ఆఖరున చిన్నమ్మాయి వచ్చింది. గంపలో ఏడు కోడిపిల్లలు. ఎక్కడో బంధువుల ఊళ్ళో పొదిగించి తెచ్చుకుందట. మునుపటి కన్నా సన్నబడింది. గంపని బల్ల మీద పెట్టి, ఒక పిల్లని తీసి, వీరవేణి చాపిన చేతిని దాటించి రూబీ ముందుకి పెట్టింది.

"మీరే వెయ్యండి డాక్టరమ్మా" అంది.

రూబీ ఒకసారి ఇద్దరి వైపూ చూసి పిల్లని తీసుకుంది. ఆవిడకి ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో చుక్క వెయ్యడం అలవాటు లేదు. మొదటి చుక్క రెప్ప మీద పడి జారిపోయింది. వీరవేణి సాయం పట్టలేదు. ఐసు డబ్బా మూత తీసి, మందు సీసా అందించి, మళ్ళీ మూత పెట్టింది. ఏడింటికీ ఏడుసార్లు అలాగే చేసింది.

చిన్నమ్మాయి గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. రూబీ చేతులు తుడుచుకుంటూ, "రెండో విడత చుక్కలు మూడు వారాలకి వెయ్యాలని చెప్పడం మర్చిపోయాను. మీరు చెబుతారా?" అంది.

"వెంకటదుర్గక్క చేత చెప్పిస్తానండి" అంది వీరవేణి.

వాడిన సీసాలన్నీ ఏరి సంచిలో వేసింది. తర్వాతి ఊరికి ఆటో సిద్ధంగా ఉంది.